తిరుపతిలో చదివి వెళ్లినవారికి: ఓడీ నుంచి రజతోత్సవం దాకా

పాతికేళ్ల తర్వాత పరీక్షల విభాగం కిటికీ దగ్గరికి వెళ్లి పేరు చెబితే లోపలున్నాయన తలెత్తడు. హాల్‌టికెట్ నంబరు, కోర్సు, పాసైన నెల, సంవత్సరం చెబితే రిజిస్టరు తీస్తాడు. పూర్వ విద్యార్థిగా మీకు రావాల్సినవన్నీ, అంటే పట్టా (ఒరిజినల్ డిగ్రీ, వాడుకలో ఓడీ), ట్రాన్‌స్క్రిప్టు (చదివిన సబ్జెక్టులు, మార్కులన్నీ చూపే వర్సిటీ పత్రం), సంఘంలో సభ్యత్వం, రీయూనియన్‌కు హాలు, ఆ నంబరు దగ్గరే మొదలవుతాయి. అందుకే ముందు చేయాల్సిన పని పాత మార్కుల మెమోలు బయటికి తీసి, రెండు వైపులా స్కాన్ చేసి, ఫోన్లోనూ మెయిల్లోనూ దాచుకోవడం. వెనకవైపు కూడా ఎందుకంటే గ్రేడుల వివరణ, మార్కులు లెక్కగట్టే పద్ధతి చాలాసార్లు అక్కడే అచ్చయి ఉంటాయి. విదేశీ వర్సిటీలు అడిగేది ఆ పేజీనే.

మీ రికార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి

ఇది తెలిసిందే కదా అనిపిస్తుంది. కానీ తప్పు తలుపు తట్టి నెల పోగొట్టుకునేవాళ్లు ఇక్కడే ఎక్కువ. కాలేజీ ఎక్కడుందన్నది పక్కన పెట్టి, పట్టా మీద ఏ వర్సిటీ పేరుందో చూడండి.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) 1954లో మొదలైంది. అప్పట్లో రాయలసీమలో చాలా భాగం దాని కిందే ఉండేది. అనంతపురంలోని దాని పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కడపలోని కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. నెల్లూరుకు 2008లో విక్రమ సింహపురి వచ్చింది. కాబట్టి 1998లో కడపలో డిగ్రీ చేసినాయన ఓడీ కోసం కడపలో తిరిగితే లాభం లేదు, తిరుపతి రావాల్సిందే.

వైద్యంలో ఇంకో మెలిక ఉంది. ఎస్వీ మెడికల్ కాలేజీ 1960 నాటిది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాక పట్టాలు అక్కడినుంచే ఇస్తున్నారు. అంతకుముందు బ్యాచ్‌ల పట్టా మీద ఎస్వీయూ పేరే ఉంటుంది. పైగా ఆ విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ పాత పేరే వచ్చింది. మధ్యలో పట్టా పుచ్చుకున్నవాళ్లు విదేశాల్లో దరఖాస్తు చేసేటప్పుడు రెండు పేర్లూ ఒకే సంస్థవని తెలిపే లేఖ ఒకటి జతచేస్తే మంచిది. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం పాత విద్యార్థులదీ ఇదే సంగతి. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కాకముందు అది రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం, పాత పట్టాల మీద ఆ పేరే ఉంటుంది.

పశువైద్యం చదివినవారు 2005 అన్న ఏడాది గుర్తుపెట్టుకోవాలి. తిరుపతిలో వెటర్నరీ విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది అప్పుడే. అంతకుముందు వ్యవసాయ కోర్సులతో పాటు అదీ ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీ కిందే ఉండేది. చిత్తూరు జిల్లా ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల వాళ్లకు 2008 గీత. ఆ ఏడాది జేఎన్‌టీయూ విడిపోయి అనంతపురం వేరు వర్సిటీ అయింది. మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి ఎవరి రికార్డులు వారే చూసుకుంటున్నాయి.

దూరవిద్యలో చదివారా? అదే క్యాంపస్‌లో ఉన్నా ఆ రికార్డులు వేరే విభాగానివి. అటానమస్ కాలేజీలో చదివినవారికి మార్కుల మెమోలు కాలేజీవి, పట్టా వర్సిటీది. ట్రాన్‌స్క్రిప్టు ఎవరు ఇస్తారో ముందు కాలేజీలో అడిగి, ఆ తర్వాతే వర్సిటీ మెట్లెక్కండి.

ఏ కాగితం దేనికి

పీసీ అంటే ప్రొవిజనల్. అది తాత్కాలికం. చాలామంది దాంతోనే పదేళ్లు ఉద్యోగం చేసి, పదోన్నతి దగ్గరో విదేశీ వీసా దగ్గరో ఓడీ అడిగేసరికి గాబరా పడతారు. ఓడీ రెండు రకాలుగా వస్తుంది. స్నాతకోత్సవం నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తు చేసి వేదిక మీద తీసుకోవచ్చు, లేదా రాలేమని రాసి ఇన్ ఆబ్సెన్షియాలో తీసుకోవచ్చు. నోటిఫికేషన్లో ఏ ఏ సంవత్సరాల్లో పాసైనవారు అర్హులో ఉంటుంది, ఆ ఒక్క వాక్యం జాగ్రత్తగా చదవండి. కొడుకు వేదిక మీద పట్టా పుచ్చుకుంటే చూడాలని అమ్మానాన్నలు ఆశపడుతుంటే, నోటిఫికేషన్ ఏ వారమైనా పడొచ్చనుకుని వెబ్‌సైటు చూస్తుండాలి. గడువు దాటితే ఆ ఏడాదికి వేదిక లేనట్టే.

సీఎంఎం, అంటే కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, అన్ని సంవత్సరాల మార్కులూ ఒకే కాగితం మీద చూపిస్తుంది. మైగ్రేషన్ వేరే వర్సిటీలో చేరేటప్పుడు కావాలి. పట్టా అసలుదేనని తెలిపే జెన్యూనిటీ సర్టిఫికెట్ కంపెనీలు, ప్రభుత్వ శాఖలు అడుగుతాయి. ఇంగ్లిష్ మీడియంలో చదివారన్న ధ్రువపత్రం కొన్ని దేశాల్లో భాషా పరీక్ష నుంచి మినహాయింపు అడిగేటప్పుడు పనికొస్తుంది. తెలుగు మీడియంలో బీఏ చేసినవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. రికార్డులో మీడియం కాలమ్ ఉంటుంది.

అసలు కాగితమే పోతే డూప్లికేట్‌కు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు, వెతికినా దొరకలేదన్న ధ్రువపత్రం, స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ కావాలి. చాలాచోట్ల దినపత్రికలో చిన్న ప్రకటన కూడా అడుగుతారు. ఈ నాలుగింటిలో తేదీలు వరసగా ఉండాలి. ముందు ఫిర్యాదు, తర్వాత ప్రకటన, తర్వాత పోలీసు ధ్రువపత్రం, చివర అఫిడవిట్. అఫిడవిట్ తేదీ ఫిర్యాదు కంటే ముందుంటే ఫైలు వెనక్కి వస్తుంది.

2010ల తర్వాత చదివినవారు ముందుగా డిజీలాకర్ తెరిచి చూసుకోండి. వర్సిటీ తన పట్టాలను జాతీయ అకడమిక్ డిపాజిటరీలో ఎక్కించి ఉంటే అక్కడే దొరుకుతాయి. దొరకలేదంటే పోయినట్టు కాదు, మీ బ్యాచ్ ఇంకా ఎక్కలేదంతే.

ఇంటిపేరు తంటా

మన దగ్గర నూటికి తొంభై చిక్కులు పేరు దగ్గరే. డిగ్రీ మెమో మీద "కె. రమేశ్" అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో "కొండారెడ్డిగారి" అని, పేరు గడిలో "రమేశ్ బాబు" అని ఉంటుంది. బయటి దేశంలో కూర్చున్న గుమస్తాకు వీళ్లిద్దరూ ఒక్కరే అని ఎలా తెలియాలి?

ఆ రెంటినీ కలిపే తాడు పదో తరగతి మెమో. అందులో సాధారణంగా ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. కాబట్టి ప్రతి దరఖాస్తుకూ డిగ్రీ మెమో, పదో తరగతి మెమో, పాస్‌పోర్టు మూడూ కలిపి పెట్టండి. అవి సరిపోకపోతే "రెండు పేర్లూ నావే" అన్న నోటరీ అఫిడవిట్ వేయాలి. అందులో రెండు పేర్లూ ఆయా కాగితాల మీద ఎలా ఉన్నాయో అచ్చం అలాగే, చుక్కలతో సహా రాయించండి. మెమోలో చుక్క ఉండి అఫిడవిట్‌లో చుక్క లేకపోతే మళ్లీ అదే గొడవ.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు వివాహ ధ్రువపత్రం చాలు. పేరునే మార్చుకున్నవారికి రాష్ట్ర గెజిట్‌లో వచ్చిన ప్రకటన కావాలి. అలా మారిన పేరుతో పాత పట్టాను మళ్లీ అచ్చేసి ఇవ్వరు, గెజిట్ ప్రతిని దానికి జతచేసుకోవాలి. అచ్చుతప్పు సంగతి వేరు. పదో తరగతి మెమోలో ఒకలాగా, డిగ్రీలో ఇంకోలాగా అక్షరం పడితే దిద్దించుకోవచ్చు. ఓడీ చేతికొచ్చిన రోజే కిటికీ దగ్గరే నిలబడి అక్షరం అక్షరం చూసుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది.

ట్రాన్‌స్క్రిప్టు, సీలు కవరు

విదేశీ చదువుకో వలసకో మీ డిగ్రీని తూచే సంస్థలు, ఉదాహరణకు డబ్ల్యూఈఎస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్), ట్రాన్‌స్క్రిప్టు మీ చేతినుంచి తీసుకోవు. వర్సిటీ నుంచే రావాలి, కాగితం మీదైతే సీలు వేసిన కవరులో. దీనికి పద్ధతి ఇది.

ముందు ఆ సంస్థ సైటులో ఖాతా తెరిచి రిఫరెన్స్ నంబరు తెచ్చుకోండి. అక్కడ దొరికే విన్నపపు ఫారంలో మీ భాగం నింపి సంతకం పెట్టండి, మిగతా భాగం వర్సిటీ నింపుతుంది. వర్సిటీకి ఇచ్చే దరఖాస్తుకు ప్రతి సంవత్సరపు మెమోలూ, సప్లిమెంటరీ మెమోలతో సహా, జతచేయాలి. మొదటి సంవత్సరం గణితం తప్పి సెప్టెంబరులో పాసైతే ఆ సెప్టెంబరు మెమో కూడా కావాలి. దాన్ని దాచిపెట్టి పంపితే ట్రాన్‌స్క్రిప్టులో మార్కులు, పాసైన నెల పొంతన కుదరవు.

కవరు తయారయ్యాక, పంపకముందు చూడాల్సినవి నాలుగు. మూత అంటించిన చోట అధికారి సంతకం సగం మూత మీద, సగం కవరు మీద పడాలి. రబ్బరు ముద్ర కూడా అలాగే. వాటి మీద పారదర్శక టేపు అంటించాలి. బయట రిఫరెన్స్ నంబరు పెద్దక్షరాలతో రాయాలి. ఈ నంబరు లేని కవరు అక్కడికి చేరినా ఎవరిదో తెలియక గుట్టలో పడి ఉంటుంది. తిరిగి ఇక్కడికి ఫోన్ చేసి లాభం లేదు.

ఒక్క సెట్టు కోసం వెళ్లినవారు నాలుగు సెట్లు తీసుకోండి. రెండోసారి వచ్చే బస్సు చార్జీ, సెలవు కంటే అదనపు సెట్ల ఫీజు తక్కువే. జూన్ నుంచి ఆగస్టు దాకా అడ్మిషన్లు, ఫలితాల హడావిడి ఉంటుంది కాబట్టి వీలైతే ఆ నెలలు తప్పించండి. మీరు రాలేకపోతే అన్నకో నాన్నకో అధికార పత్రం రాసి పంపండి. అందులో ఏ ఏ కాగితాలు తీసుకోవచ్చో పేరుపేరునా రాయాలి, ఇద్దరి గుర్తింపు కార్డుల ప్రతులూ జతచేయాలి. "నా తరఫున అన్ని పనులూ" అని రాస్తే ఒప్పుకోరు.

పట్టాను వేరే దేశంలో చూపించాలంటే, ఆ దేశం హేగ్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్ (కాగితం అసలుదేనని విదేశాంగ శాఖ వేసే ముద్ర) చాలు. మన దేశం 2005 నుంచి అందులో ఉంది. ముందు రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర పడుతుంది. విదేశాంగ శాఖ ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలే, పైన కట్టేది అనుమతి పొందిన ఏజెన్సీ సేవా రుసుము. బేరం ఆడేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. రాయచోటి, పీలేరు వైపు నుంచి కువైట్ వెళ్లేవారికి అపోస్టిల్ పనికిరాదు, ఆ దేశం ఒప్పందంలో లేదు కాబట్టి విదేశాంగ శాఖ ధ్రువీకరణ తర్వాత ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర పడాలి.

సంఘంలో చేరితే వచ్చేదేమిటి, రానిదేమిటి

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేయించవచ్చు. అంటే ఒకే కాలేజీకి రెండు మూడు సంఘాలున్నా చట్టవిరుద్ధం కాదు. డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. రిజిస్ట్రేషన్ నంబరెంత, సంఘం పేరు మీదే పాన్, బ్యాంకు ఖాతా ఉన్నాయా, నిరుటి ఆడిట్ లెక్క ఏదీ? మూడో ప్రశ్నకు "పంపిస్తాం" అన్న జవాబు వస్తే సభ్యత్వం కూడా అలాగే తర్వాత కడదాం అనుకోవచ్చు.

సభ్యత్వం వల్ల సాధారణంగా లైబ్రరీలో కూర్చుని చదువుకునే వీలు, ఖాళీ ఉంటే అతిథి గృహంలో గది, క్యాంపస్ హాలుకు సిఫారసు, సీనియర్ల ద్వారా ఉద్యోగాల సమాచారం దొరుకుతాయి. పిల్లలకు సీటు మాత్రం రాదు. పూర్వ విద్యార్థుల కోటా అంటూ ఏదీ లేదు, పీజీకైనా ఇంజినీరింగుకైనా ప్రవేశ పరీక్ష ర్యాంకే. కోటా ఇప్పిస్తామని ఎవరైనా సభ్యత్వ రుసుము అడిగితే అది సంఘం కాదు.

ఉన్నట్టుండి కాలేజీ నుంచి ఫోనొచ్చి "మీ ఉద్యోగం, జీతం వివరాలు పంపండి సార్" అంటే కంగారు పడక్కర్లేదు. కాలేజీలను తూచే న్యాక్ మదింపులో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యాన్నీ చూస్తారు. కేంద్రం విద్యాసంస్థలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకు కూడా విద్యార్థులు ఎక్కడ స్థిరపడ్డారో చూపాలి. ఫారం నింపి ఇవ్వండి. అదే ఫోన్లో మీ పెండింగ్ పని కూడా అడగండి. ఏడాది పొడుగునా ఎత్తని ఫోను న్యాక్ బృందం వచ్చే నెలలో ఎత్తుతారు.

వార్తల సంగతి చిన్నది. వర్సిటీ సైటులో పరీక్షల విభాగం పేజీ, నోటిఫికేషన్ల పేజీ నెలకోసారి చూడండి. స్నాతకోత్సవం కబురు దినపత్రికల తిరుపతి జిల్లా పేజీల్లోనూ వస్తుంది. వర్సిటీ పేరుతోనే ఉండి చిరునామా చివర డాట్ కామ్ అని ఉన్న సైట్లలో డబ్బు కట్టకండి. మన వర్సిటీలవి ఎక్కువగా డాట్ ఏసీ డాట్ ఇన్ అనో డాట్ ఈడీయూ డాట్ ఇన్ అనో ముగుస్తాయి.

తిరుపతిలో రీయూనియన్: తేదీ దగ్గరే సగం పని

వేరే ఊళ్లో రీయూనియన్‌కు హాలు దొరికితే చాలు. ఇక్కడ గదులు దొరకాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, జనవరి ఒకటి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పిల్లల సెలవులు వదిలేయండి. సెప్టెంబరు మధ్యనుంచి అక్టోబరు మధ్యదాకా తమిళుల పెరటాసి నెల, ఆ శనివారాల్లో ఊరు కిక్కిరిసిపోతుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం ఊరివాళ్లకు ముచ్చటే గానీ వీధుల్లో బస్సు తిరగదు.

మిగిలేవి ఫిబ్రవరి, మార్చి మొదటి సగం, జులై చివర, నవంబరు. సంక్రాంతికి అందరూ ఊళ్లకొస్తారు కదా అని కనుమ మర్నాడు పెట్టేవాళ్లున్నారు. జిల్లాలోవాళ్లకది బాగుంటుంది. బెంగళూరు, చెన్నై తిరిగి వెళ్లాల్సినవాళ్లకు ఆ రోజు టికెట్లు దొరకవు. ఎక్కువమంది ఎటునుంచి వస్తారో లెక్క చూసుకుని తేల్చండి.

శనివారం పెడితే భోజనం శాకాహారమే. ఏడుకొండలవాడి వారం, ఈ ఊళ్లో చాలామంది ముట్టరు. ఆదివారం పెడితే నాటుకోడి పులుసు, రాగి సంగటి పెట్టుకోవచ్చు, కానీ మర్నాడు కొండకు వెళ్లేవాళ్లు తినరు. వాళ్లెందరో ముందే అడిగి వంటాయనకు రెండు లెక్కలివ్వండి.

దర్శనం గురించి ఒక్క మాట. ఆహ్వానంలో "దర్శన ఏర్పాటు కలదు" అని వేయకండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో విడుదలవుతాయి, ఎవరి వివరాలతో వారే తీసుకోవాలి. కమిటీ చేయగలిగిందల్లా రీయూనియన్ తేదీని నాలుగైదు నెలల ముందు చెప్పి, టికెట్లు విడుదలయ్యే రోజు గ్రూపులో గుర్తుచేయడం. సిఫారసు లేఖ మీద నలభైమందిని నిలబెట్టి, పొద్దున్నే రాలేదని తెలిస్తే తిట్లు తినేది కమిటీయే. దళారుల మాట ఎత్తకపోవడమే మంచిది.

మనుషుల్ని వెతకడానికి హాల్‌టికెట్ల వరస మొదలుపెట్టండి. డిపార్ట్‌మెంటులో నామినల్ రోల్ (బ్యాచ్ విద్యార్థుల పేర్ల జాబితా) దొరికితే సగం పని అయినట్టే. దానికి హాస్టల్ గదుల వరస, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం ఫొటోలు తోడవుతాయి. ఫారంలో అప్పటి పేరు, ఇప్పటి పేరు అని రెండు గడులు పెట్టండి. ఆడపిల్లలు దొరక్కపోవడానికి కారణం చాలాసార్లు ఇదొక్కటే. సొంతూరి పేరు కూడా అడగండి. ఫోను నంబరు మారినా పాకాలలోనో పుంగనూరులోనో ఇంటిపేరు చెప్పి అడిగితే ఎవరో ఒకరు చెబుతారు.

గురువుల జాబితా అచ్చుకు వెళ్లేముందు ప్రతి ఇంటికీ ఒకసారి ఫోన్ చేయండి. ఎవరైనా కాలం చేసి ఉంటే ఆహ్వానంలో వారి పేరు పడటం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. వారి భార్యనో పిల్లలనో పిలిచి శాలువా కప్పడం మర్యాద.

క్యాంపస్ హాలుకు ప్రిన్సిపాల్ లేదా శాఖాధిపతి ద్వారా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు వెళ్లాలి. తేదీ, వేళ, మంది సంఖ్య, బాధ్యుడి సంతకం అందులో ఉండాలి. అద్దెతో పాటు డిపాజిట్ అడుగుతారు, దాని రసీదు పోగొట్టకండి. పరీక్షల రోజుల్లో హాళ్లివ్వరు. ఆదివారమైతే మరుగుదొడ్ల తాళాలు, జనరేటరు మనిషి, నీళ్ల మోటారు శనివారం సాయంత్రం నాలుగులోపే తేల్చుకోవాలి. ఆ తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు. రాత్రి పది దాటితే ఆరుబయట మైకు చట్టరీత్యా కుదరదు.

కార్యక్రమంలో అందరూ తప్పు చేసేది పరిచయాల దగ్గర. ఎనభైమంది, తలా రెండు నిమిషాలంటే 160 నిమిషాలు. మూడో వాడికే మూడు నిమిషాలు దాటుతుంది. తలా 45 సెకన్లు పెట్టి, గంట కొట్టే పని క్లాసులో అందరూ భయపడే ఒక ఆడమనిషికి అప్పగించండి. గంటలో అయిపోతుంది. గురువుల సన్మానం పన్నెండులోపు ముగియాలి. పెద్దవాళ్లు, చక్కెర మాత్రలు వేసుకునేవాళ్లు, పన్నెండున్నరకు విస్తరి ముందుండాలి. వారికి చేతులున్న కుర్చీలు, కింది అంతస్తు తప్పనిసరి. గ్రూపు ఫొటో ఉదయం పదిన్నరకు, భవనం ముందు మెట్ల మీద తీయండి. ఎనభైమందికి ఇరవైమంది చొప్పున నాలుగు వరసలు కావాలి, చదును నేల మీద వెనక వరస కనబడదు.

నూరుమందికి పూర్తి భోజనమైతే బియ్యం పన్నెండు కిలోలు. పులిహోర, సంగటి కూడా ఉంటే తెల్లన్నానికి ఎనిమిది కిలోలు చాలు. సంగటి వేడిగా ముద్ద చేసి అప్పటికప్పుడు వడ్డించాలి, చల్లారితే రాయి. పక్కన చెనిగ్గింజల ఊరిమిండి (పల్లీల పచ్చడి) ఉంటే విదేశాలనుంచి వచ్చినవాళ్లు దాన్నే గుర్తుపెట్టుకుంటారు. తాగునీళ్లు మనిషికి రెండున్నర లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పదమూడు. వంటకు నీళ్లు వేరే.

డబ్బు లెక్క

గ్రూపులో బొటనవేలు చూపించినవాళ్లను లెక్కలోకి తీసుకోకండి, కట్టినవాళ్లనే తీసుకోండి. ఉదాహరణకు హాలు, మైకు, ఫొటోలు, గురువుల సన్మానం కలిపి 60,000 అనుకోండి. ఎంతమందొచ్చినా ఇది మారదు. భోజనం, టీ, జ్ఞాపిక మనిషికి 700. ఎనభైమంది వస్తే తలకు 1,450 పడుతుంది. ఆ లెక్కతో వసూలు చేసి యాభైమందే కడితే 72,500 వస్తుంది, ఖర్చు 95,000. ఆ 22,500 బాధ్యుడి జేబులోంచే. కాబట్టి తక్కువ అంచనాతో రేటు కట్టి, మిగిలితే ఏం చేయాలో ముందే చెప్పేయండి.

ఖాతా ఇద్దరి పేరు మీద కొత్తగా తెరవండి. ఇద్దరి సంతకమూ కావాలన్న ఖాతాకు సాధారణంగా యూపీఐ ఇవ్వరు, అందరూ బ్యాంకు బదిలీ చేయాల్సి వస్తుంది. "ఎవరైనా ఒకరు" పద్ధతి పెట్టుకుంటే యూపీఐ పనిచేస్తుంది, కానీ రెండో ఆయన ప్రతివారం స్టేట్‌మెంట్ గ్రూపులో పెట్టాలి. బదిలీ చేసేటప్పుడు హాల్‌టికెట్ చివరి మూడంకెలు రాయమనండి. రమేశ్‌లు ఆరుగురుంటారు.

మిగిలిన డబ్బు, పతకాలు

మిగిలింది లక్షయితే చాలామందికి మొదట తట్టేది బంగారు పతకం. లక్ష డిపాజిట్ చేస్తే ఆరున్నర శాతం వడ్డీకి ఏడాదికి 6,500 వస్తుంది. 1980లలో పదివేలు వేసిన నిధికి అదే రేటున 650. దాంతో ఇవాళ పతకం పెట్టే డబ్బా కూడా రాదు. అందుకే ఒప్పందంలో "పతకం" అని ఒక్క మాటే రాయకుండా "వడ్డీ సరిపోయినంతకాలం పతకం, ఆ తర్వాత నగదు బహుమతి" అని రాయించండి. ఇద్దరికి సమాన మార్కులొస్తే ఎవరికి, ఆ కోర్సే మూతపడితే ఏ శాఖకు మళ్లాలి అన్నవి కూడా రాసి ఉండాలి. శాఖలు కలిసిపోవడం ఇప్పుడు మామూలైంది. నిజానికి హాస్టల్ పిల్లలకు పతకం కంటే మెస్ బిల్లు, పరీక్ష ఫీజు సాయమే ఎక్కువ అక్కరకొస్తుంది. ఫీజులు కట్టే చివరి వారంలో వందల రూపాయల దగ్గర ఆగిపోయే పిల్లలుంటారు.

డబ్బు ఎప్పుడూ సంస్థ ఖాతాకే వెళ్లాలి. ఎంత నమ్మకస్తుడైనా అధ్యాపకుడి సొంత ఖాతాకు వేయకండి, రేపు ఆయనకే ఇబ్బంది. పన్ను మినహాయింపు కావాలంటే, అంటే అందరూ 80జీ అని పిలిచేది, సంస్థకు ఆ నమోదు ఉండాలి, నగదు 2,000 మించకూడదు, మీరు పాత పన్ను పద్ధతిలో ఉండాలి. సంస్థ ఆ ఆర్థిక సంవత్సరపు విరాళాల వివరాలు మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు పంపితేనే మీ పేరు మీద ధ్రువపత్రం పుడుతుంది. కాబట్టి పాన్ నంబరు విరాళంతో పాటే ఇచ్చేయాలి, జూన్‌లో ఇస్తే ఆలస్యమే.

అమెరికాలో ఉన్నవారిలో తేడా చూడండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవారు, ఓసీఐ (ప్రవాస భారతీయ పౌరుల) కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానికి సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. అవి లేని సంఘం ఆ డబ్బును మామూలు ఖాతాలో వేసుకుంటే నేరమవుతుంది. రీయూనియన్ చందాలు వసూలు చేసేటప్పుడే ఫారంలో పౌరసత్వం గడి పెట్టి, సంఘం ఖాతాకు వచ్చే విరాళాల్లో వీళ్లవి విడదీయండి.

కార్యక్రమం అయ్యాక పదిహేను రోజుల్లో ఖర్చుల పట్టిక, బిల్లుల ఫొటోలు గ్రూపులో పెట్టి, ఫొటోల లింకు పంపి, చిరునామాల జాబితా ఒక ప్రతి డిపార్ట్‌మెంటుకు ఇచ్చి రసీదు తీసుకోండి. జాబితాలో ఫోను నంబర్లు ఇవ్వడానికి ఒప్పుకోనివారి గడి ఖాళీగా వదిలేయండి.